అక్క బాతులు, నా బాతులు

మా ఇళ్లు రెండు, దొడ్డి ఒకటే. ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు వైపు, ఊరి చివర మా మామ కట్టించిన ఇల్లు అది. ఆయన పోయాక ఇంటి మధ్యలో గోడ పెట్టి ఇద్దరు కొడుకులకూ పంచారు. ముందు వాకిళ్లు వేరయ్యాయి గానీ, వెనక దొడ్డికి గోడ పెట్టడానికి మా అత్త ఒప్పుకోలేదు. నీళ్ల తొట్టి, బట్టలుతికే బండ, వేపచెట్టు అన్నీ ఉమ్మడివే. అటు పక్క మా తోటికోడలు, ఇటు పక్క నేను. ఆమె మా బావగారి భార్య. నేను అక్కా అని పిలుస్తాను. పిలుపు అంతే, మనసులో ఆమె పేరు తలుచుకుంటే చాలు నాకు ఎక్కడో చురుక్కుమనేది.

ఆమె నన్ను ఒక్క మాట అన్నది లేదు. అదే నాకు మరీ కష్టంగా ఉండేది. ఒక మాట అంటే నేను రెండు అని ఊరుకునేదాన్ని. ఆమె పెనం మీద జొన్నరొట్టె పూరీలా పొంగుతుంది. నాది నడుమ చిరుగుతుంది. ఒకే నర్సరీలో ఒకే రోజు కొన్న మల్లెమొక్కలు రెండింట్లో ఆమెది గోడ దాటి పాకింది, నాది మోకాలెత్తున ఆగిపోయింది. మా ఆయన నేను చేసిన ఉగ్గాని తిని బాగుంది అంటాడు. ఆమె ఇంటి నుంచి వచ్చిన ఉగ్గాని తిని ఏమీ అనడు, గిన్నె ఖాళీ చేస్తాడు. ఈ తేడా కనిపెట్టడానికి నాకు పెద్ద తెలివి అక్కర్లేదు.

మా అత్త పగలు వాళ్లింట్లో, రాత్రి మా ఇంట్లో తినేది. అలా అని పెద్దమనుషుల ముందు ఒప్పందం జరిగింది. కానీ రాత్రి నేను కంచం పెట్టి పిలిస్తే చాలాసార్లు "ఆకలి లేదులేమ్మా, పెద్దది రొట్టె పెట్టింది" అనేది. వంటిల్లు సర్దుకుంటూ ఆ కంచం తిరిగి బోర్లించేటప్పుడు నా చేతులు కొంచెం గట్టిగానే చప్పుడు చేసేవి.

బాతులు మా ఇంటికి రావడానికి కారణం కూడా ఆ అక్క పుట్టిల్లే. కౌతాళం పక్క పల్లె. కాలువ నీళ్లు పారే నేల, వరి పండుతుంది. కోతలయ్యాక బాతుల వాళ్లు ఎక్కడెక్కడి నుంచో లారీల్లో బాతులను తెచ్చి, ఆ పొలాల్లో రాలిన గింజలు, నత్తలు మేపుకుంటూ కొన్నాళ్లు ఉండి పోతారు. ఆ చలికాలం అక్క వాళ్ల బంధువుల పెళ్లికి మా అత్తను తోడు తీసుకుపోయింది. తిరిగి వచ్చేటప్పుడు మా బావ ఆటోలో ఒక వెదురుబుట్ట, దాని మీద తడిగుడ్డ, లోపల కిచకిచమంటూ పసుపు రంగు పిల్లలు. మా అత్త ఆటో దిగుతూనే నవ్వుతా ఉంది. ఆమె అలా నవ్వడం మామ పోయాక నేను చూడలేదు.

నా పుట్టిల్లు తుగ్గలి వైపు. వాన పడితే శనక్కాయ, పడకపోతే ఏమీ లేదు. మా ఊరి చెరువులో నీళ్లుండే రోజుల కన్నా పిల్లలు క్రికెట్ ఆడే రోజులే ఎక్కువ. బాతు పిల్లను చేతిలో పట్టుకోవడం నాకు అదే మొదలు. గుప్పెడంత ఒళ్లు, కింద మెత్తటి తోలుతో కలిసిపోయిన వేళ్లు. అరచేతిలో అది కాళ్లు తన్నుకుంటుంటే చక్కిలిగింతలు పెట్టినట్టుంది.

మా అత్త వాటిని నేల మీద వదిలి సగం అటు, సగం ఇటు తోలింది. తోలి, నా వైపు చూసి అంది:

"పెద్దదాని సేతిలో ఏదైనా బతుకుతాది. నీయి ఎట్ల పెంచుతావో సూస్తా."

ఆమె సరదాకే అన్నదేమో. నేను మాత్రం సరదాగా తీసుకోలేదు. ఆ సాయంత్రమే బట్టలకు వేసే నీలిమందు తెచ్చి, నా పిల్లల తలల మీద ఒక్కొక్క చుక్క పెట్టాను. ఏవి ఎవరివో ఎవరూ పొరబడకూడదు.

మా ఆయనది దూదేకే పని, మెయిన్ బజారు సందులో పరుపుల కొట్టు. అక్కడి నుంచి పాత దూది తెప్పించి మొదటి రోజుల్లో పిల్లలకు పక్క వేశాను. దూది పోగులు కాళ్లకు చుట్టుకుంటున్నాయని తీసేశాను. తర్వాత వాటిని నా వంటింటి పక్క గదిలో ఉంచాను. నున్నటి బండలు పరిచిన గది, రోజూ కడిగేదాన్ని. తిండి కూడా శుభ్రమైనదే పెట్టాను. తెల్లటి నూకలు మెత్తగా ఉడికించి, మొక్కజొన్న రవ్వ కలిపి, చంటిబిడ్డకు పెట్టినట్టు చల్లార్చి పెట్టేదాన్ని. అటు అక్క ఏం చేస్తోందో కిటికీలోంచి చూసేదాన్ని. తవుడు, నూనె తీశాక మిగిలే శనక్కాయ చెక్కను దంచిన పిండి, సంతలో దొరికే ఎండుచేపల తలకాయలు, తరిగిన ఆకుకూర కాడలు, అన్నీ ఒక పాత బేసిన్‌లో నీళ్లు పోసి పిసికి పెట్టేది. ఇల్లంతా నీచు వాసన. పైగా ఆ పిల్లలను పొద్దంతా దొడ్లోనే వదిలేది. అవి తొట్టి నీళ్లు పారే బురదలో ముక్కులు పెట్టి పురుగులు ఏరుకునేవి, సాయంత్రానికి ఒక్కొక్కటి ఎలుకపిల్లలా తడిసి ఉండేది. రాత్రికి వేపచెట్టు కింద గంప, అందులో ఎండుగడ్డి.

నేను మా ఆయనతో అన్నాను, మీ వదినకు శుభ్రం అంటే తెలియదని.

మొదట్లో గెలుపు నాదే. నా పిల్లలు గబగబా లావెక్కాయి. ఆమెవి సన్నగా, మెడలు సాగి, ఎప్పుడూ పరుగులు పెడుతూ ఉండేవి. నావి గుండ్రంగా, బరువుగా, తిని కూర్చునేవి. ఒకరోజు మా అత్త రెండు చేతుల్లో రెండింటిని ఎత్తి తూచినట్టు చూసి, "సిన్నదానివే బరువుండాయి" అంది. ఆ మాట అక్క విన్నది. విని, "అవునత్తా, ముద్దుగుండాయి" అంది. ఆమె ముఖంలో ఏదైనా మారుతుందేమోనని చూశాను. ఏమీ మారలేదు. అయినా ఆ మాటతో నాకు కొన్ని రోజులు అన్నం రుచిగా ఉంది.

ఆ తర్వాత కాళ్లు మొదలయ్యాయి.

ముందు ఒక పిల్ల తిండి పెట్టినప్పుడు లేవకుండా కూర్చునే తింటోంది. బద్ధకం అనుకున్నాను. రెండోది లేచి నడవబోతే కాళ్లు రెండు పక్కలకూ జారిపోయాయి. మోకాలి కీళ్ల దగ్గర ముట్టుకుంటే ఉబ్బి, వేడిగా ఉన్నాయి. ఆ వారంలోనే ఇంకొకటి, కాలు వంకరపోయి బయటికి తిరిగి, రెక్కలు నేలకు ఆనించి ముందుకు ఈడ్చుకుంటోంది. రెక్కల చివరలు రాసుకుపోయి నెత్తురు చుక్కలు. తిండి గిన్నె దాకా పోలేక దూరం నుంచే మెడ చాచి అరిచేది.

నాకు తోచింది ఒకటే, దిష్టి. ఎవరి దిష్టో కూడా నాకు అనుమానం లేదు. శుక్రవారం ఊదు వేసి, ఉప్పు, ఎండుమిరపకాయలు తీసి, పిల్లల చుట్టూ తిప్పి పొయ్యిలో వేశాను. మిరపకాయల ఘాటు రాలేదు. దిష్టి గట్టిగా ఉంటే ఘాటు రాదని మా అమ్మ అనేది. కిటికీలోంచి చూస్తే అక్క బాతులు వేపచెట్టు నుంచి తొట్టి దాకా వరసగా పరుగెత్తుతున్నాయి. కాళ్లు నారింజ రంగులో, తిన్నగా. ఒకదాని వెనక ఒకటి, బడికి పోయే పిల్లల్లాగా. వాటి కాళ్లను చూసి నేను కుళ్లుకున్నంతగా మా అక్కచెల్లెళ్ల నగలను చూసి కూడా ఎప్పుడూ కుళ్లుకోలేదు.

మా ఆయన పరుపు కుడుతూ, "వదినను అడగరాదా? వాళ్ల ఊర్లో బాతులు ఉంటాయి గదా" అన్నాడు.

"నీకు ఈ లోకంలో మీ వదిన తప్ప మనుషులే కనపడరా?" అన్నాను.

ఆయన సూదిలో దారం ఎక్కించుకుని మళ్లీ కుట్టుకోసాగాడు.

ఆ మంగళవారం నేను కూరగాయలకు పోయి వచ్చేసరికి వంటింటి పక్క గది తలుపు తీసి ఉంది. దొడ్లో అక్క బండ మీద కూర్చుని ఉంది. ఒళ్లో నీలిచుక్క పిల్ల, అన్నింటికన్నా కుంటిది. ఆమె అరచేతిలో తవుడు ముద్ద. నా దగ్గర రెండు రోజులుగా సరిగ్గా తినని పిల్ల, ఆ చేతిలో ముక్కు పెట్టి గబగబా, తవుడు చిమ్ముకుంటూ తింటోంది. అక్క రెండో చేత్తో దాని కాలిని నెమ్మదిగా కింద నుంచి పైకి నిమురుతోంది.

సంచి అక్కడే కింద పెట్టాను.

అక్క తల ఎత్తి అంది: "ఏమ్మే, ఇది ఒకటే అరుస్తాండె. నిలబడల్యాక పోతాండాది. నా దాంట్లో కొంచెం పెట్టినా."

"నా పిల్లకు నేను పెట్టుకుంటాలే అక్కా. నా గదిలోకి ఏంటికి వచ్చినావు?"

ఆమె పిల్లను నేల మీద దించి, చెయ్యి దులుపుకుని లేచింది. నేను దాన్ని తీసుకుందామని వంగాను. అది నా వైపు రాలేదు. రెక్కలు నేలకు ఆనించి, పడుతూ లేస్తూ, ఆమె చీర కుచ్చెళ్ల వెనక ఈడ్చుకుంటూ పోయింది. నడవలేనిది, గిన్నె దాకా పోలేనిది, దొడ్డి సగం దాటింది. అక్క ఆగి, దాన్ని తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, తన ఇంట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

నాకు పెళ్లయిన నాటి నుంచి ఆమె మీద ఉన్న కుళ్లంతా ఒక ఎత్తు, ఆ ఒక్క క్షణం ఒక ఎత్తు. మా అత్త, మా ఆయన ఆమెవైపు ఉన్నారంటే దానికి నేను ఏదో ఒక కారణం చెప్పుకోగలను. నిన్న మొన్న పుట్టిన బాతు పిల్లకు ఎవరు నేర్పారు?

మర్నాడు పొద్దున ఒక పిల్ల చచ్చిపోయి ఉంది. కుంటిది కాదు, ఇంకొకటి. దాన్ని వేపచెట్టు అవతల పూడ్చిపెట్టి, మిగిలినవాటిని కూరగాయల బుట్టలో వేసుకుని, మా ఆయన బండి వెనక కూర్చుని పశువుల ఆస్పత్రికి పోయాను. అక్కడ అప్పటికే బర్రెలు, మేకపిల్లలు బారులు తీరి ఉన్నాయి. బుట్టలో ఏముందని చూసి ఒకాయన నవ్వాడు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. చిన్న వయసు, మాట తీరు చూస్తే కోస్తా వైపు మనిషిలా ఉంది. ఒక్కొక్క పిల్లను బల్ల మీద నిలబెట్టి, కీళ్లు నొక్కి, కాళ్లు చాచి చూసింది. తర్వాత అడిగింది:

"వీటికి ఏం పెడుతున్నారమ్మా?"

నేను గర్వంగానే చెప్పాను, తెల్ల నూకలు, మొక్కజొన్న రవ్వ అని. ఉడికించి, చల్లార్చి అని కూడా చెప్పాను.

"అదొక్కటేనా?"

"అదే మేడం. మురికి తిండి ఏమీ పెట్టలే."

ఆమె చేతులు కడుక్కుంటూ నిదానంగా వివరించింది. నియాసిన్ అని ఒక విటమిన్ ఉంటుందట. ఎదిగే వయసులో అది కోడిపిల్ల కన్నా బాతు పిల్లకు చాలా ఎక్కువ కావాలట. పాలిష్ పట్టిన బియ్యంలో అది తవుడుతో పాటే పోతుంది, మొక్కజొన్నలో ఉన్నా ఒంటికి పట్టదు. అది చాలకపోతే కాళ్లు వంకర పోతాయి, కీళ్లు ఉబ్బుతాయి. ఇటు తిండి వల్ల ఒళ్లు బరువెక్కుతోంది, అటు కాళ్లకు బలం లేదు. నేల గురించి అడిగింది. నున్నటి బండలు అని చెప్తే, కాళ్లు పక్కలకు జారడానికి అదీ ఒక కారణం అంది. నీళ్లలోకి వదులుతున్నారా అని అడిగింది. తడిసి జలుబు చేస్తుందని వదలలేదు అన్నాను. బాతుకు జలుబు అని మా ఆయన వెనక నుంచి గొణిగి నవ్వాపుకోవడం నాకు వినపడింది.

నీళ్లలో కలపడానికి బి-కాంప్లెక్స్ మందు రాసి ఇచ్చింది. తిండి ఏం పెట్టాలో చెప్పడం మొదలుపెట్టింది. తవుడు. శనక్కాయ చెక్క. చిన్న చేపలు. ఆకుకూర. నేల మీద ఎండుగడ్డి. ఎండ ఉన్నప్పుడు కాసేపు లోతుగా ఉన్న నీళ్లు, బరువు నీళ్ల మీద ఉంటే కాళ్లు ఆడిస్తాయి.

ఆమె ఒక్కొక్కటి చెప్తుంటే నాకు కళ్ల ముందు అక్క పాత బేసిన్ కనపడుతోంది. ఒక్క వస్తువు కూడా తేడా లేదు. అక్కకు ఆ విటమిన్ పేరు తెలుసని కాదు. వాళ్ల అమ్మ ఎట్లా చేసేదో ఈమె అట్లా చేసింది, అంతే. తెలిసి చేసి ఉంటే నాకు కొంచెం ఊరటగా ఉండేది. తెలియకుండానే ఆమెకు అన్నీ సరిగ్గా కుదరడం, అంత శ్రద్ధ పెట్టి మరీ చేసిన నాకు కుదరకపోవడం, అదే మింగుడు పడలేదు.

చివరికి డాక్టరమ్మ రెండు మాటలు గట్టిగా చెప్పింది. "చెక్కకు బూజు ఉంటే మాత్రం పెట్టకండి. ఆవులు తట్టుకుంటాయేమో గానీ బాతులు తట్టుకోలేవు, చచ్చిపోతాయి. ఇంకోటి, ఇప్పటికే ఎముక తిరిగిపోయిన కాలు మళ్లీ తిన్నగా రాదు. ఆ కుంటిదాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు."

ఇంటికి వచ్చాక సమస్య శనక్కాయ చెక్క దగ్గర వచ్చింది. అక్క ఇంట్లో బస్తా ఉంది. అడిగితే బేసిన్ నిండా ఇచ్చేది. నేను అడగలేదు. తుగ్గలిలో మా నాయనకు ఫోన్ చేశాను.

"మనింట్లో ఎద్దులకు పెట్టేది నీ బాతులకు కావాల్సొచ్చెనా?" అని ఆయన నవ్వాడు. శనక్కాయలు పండించే ఇంట్లో పుట్టి, మందు చుట్టూ తిరిగి మళ్లీ శనక్కాయ దగ్గరికే వచ్చానని ఆయనకు తమాషాగా ఉంది. రెండో రోజే బస్సులో మూట పంపించాడు. ఆ మూటను నేను దొడ్డి దారిన కాకుండా ముందు వాకిట్లోంచి, అందరూ చూసేలా తెచ్చాను. మా అత్త వాసన చూసి, మంచి చెక్క అంది. నా పుట్టింటిది అన్నాను. ఎవరూ అడగకపోయినా అన్నాను.

అప్పటి నుంచి నాదీ నీచు వాసనే. సంతలో ఎండుచేపల తలకాయల కోసం బేరమాడాను. గది బండల మీద ఎండుగడ్డి పరిచాను. పాత నీళ్ల టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసి ఒక్కొక్క పిల్లనూ పొట్ట కింద చెయ్యి పెట్టి పట్టుకునేదాన్ని. మొదటి రోజు కుంటిది ఊరికే తేలింది. కాళ్లు కింద వేలాడాయి, అంతే. కొన్నాళ్లకు ఒక కాలు కదిపింది. ఇంకొన్నాళ్లకు రెండూ తెడ్లలాగా ఆడించి నా చెయ్యి వదిలించుకుని టబ్బు అంచుకు పోయి గుద్దుకుంది. ఆ రోజు నేను ఒక్కదాన్నే దొడ్లో నవ్వుకున్నాను. తలెత్తి చూస్తే అక్క తన వెనక గుమ్మంలో నిలబడి చూస్తూ తానూ నవ్వుతోంది. నా నవ్వు ఆగిపోయింది. నా సంతోషంలో కూడా ఆమెకు భాగం ఎందుకు ఇవ్వాలి అనిపించింది.

మిగతావన్నీ లేచి నడిచాయి. కుంటిది మాత్రం ఎడమ కాలు ఓరగా వేస్తూ, ఒక పక్కకు ఒరిగి నడవడం నేర్చుకుంది. డాక్టరమ్మ చెప్పినట్టే ఆ కాలు తిన్నగా రాలేదు. కానీ గిన్నె దగ్గరికి అందరికన్నా ముందు అదే వచ్చేది.

ఎండలు ముదురుతున్నప్పుడు ఒకటి జరిగింది. అక్క చెక్క బస్తా తొట్టి పక్కన పెట్టుకునేది. నీళ్లు చిందీ చిందీ బస్తా అడుగు తడిసింది. నేను బట్టలుతుకుతుంటే ఆమె చెక్క దంచడానికి తీసింది. ముక్కల మీద పచ్చగా, బూడిద రంగుగా బూజు కనపడింది.

"అక్కా, అది పెట్టొద్దు" అన్నాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. బూజు చెక్క తింటే బాతులు చచ్చిపోతాయని. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతులో ఎంత తీపి ఉందో నాకే తెలిసింది. ఆమెకు తెలియనిది నాకు తెలిసిన రోజు అది ఒక్కటే. ఆమె బస్తాలో చెయ్యి పెట్టి చూసి, ఒక్క మాట వాదించకుండా, బస్తా మొత్తం తీసుకుపోయి గుంటలో పారేసి మట్టి కప్పింది. నా మూటలోంచి గంపెడు చెక్క నేనే ఇచ్చాను, అడగక ముందే. ఇవ్వడం కూడా నాకు ఇష్టంగానే ఉంది.

మా అత్త నులకమంచం మీద నుంచి అంతా చూసి అంది, "పెద్దది ఎవురు సెప్పినా ఇనుకుంటాది. అదే దాని మంచితనం."

చెప్పింది నేను. మంచితనం ఆమెది.

ఎండాకాలం మధ్యలో మా బావకు ఆదోనిలో నూనె మిల్లులో లారీ డ్రైవరు పని దొరికింది. అక్కడే మిద్దె మీద రెండు గదులు తీసుకుని ఇల్లు మార్చారు. మా అత్త ఎక్కడుంటుందని ఎవరూ ఆమెను అడగలేదు. ఆమె తన ట్రంకు పెట్టె తానే సర్దుకుంది, పెద్దకోడలి సామాన్ల పక్కన పెట్టుకుంది. బాతులను మాత్రం తీసుకుపోవడానికి లేదు. అక్క వాటిని నాకే వదిలింది. పోయే ముందు వాటి బేసిన్ కూడా నా వాకిట్లో పెట్టిపోయింది.

దొడ్డి అంతా నాదయింది. తొట్టి నాది, బండ నాది, అన్ని బాతులూ నావి. అది ఎన్నేళ్ల కోరికో. అయితే పొద్దున నేను తిండి కలుపుకుని వచ్చేసరికి ఆమె బాతులు తాళం వేసిన ఆ తలుపు ముందర బారుగా నిలబడి ఉండేవి. నా కుంటిది కూడా వాటితోనే, ఒరిగి నిలబడేది. నేను గిన్నె చప్పుడు చేస్తే వచ్చి తినేవి. తిని మళ్లీ ఆ తలుపు దగ్గరికే. ఇంట్లో లేని మనిషి మీద కూడా కుళ్లుకోవచ్చునని నాకు అప్పుడు తెలిసింది. ఒకరోజు కోపం వచ్చి ఆ తలుపు ముందర ముళ్లకంప వేశాను. వాటి పాదాల తోలు ఎంత మెత్తనో గుర్తొచ్చి, సాయంత్రానికి నేనే తీసేశాను.

వానలు మొదలయ్యాక గుడ్లు పెట్టసాగాయి. దొడ్డి బురదైంది, వాటికి పండగైంది. తలుపు దగ్గర నిలబడటం ఎప్పుడు మానేశాయో నేను గమనించలేదు.

శ్రావణంలో మా అత్త, అక్క ఉరుకుంద ఈరన్న దగ్గరికి మొక్కు తీర్చుకోవడానికి పోతూ మా ఇంట్లో దిగారు. వాళ్లు వస్తున్నారని ఫోన్ వచ్చినప్పటి నుంచి నా మనసు బాతుల మీదే ఉంది. ఆమె దొడ్లో అడుగు పెడితే చాలు, అన్నీ నన్ను వదిలి ఆమె వెనక పరుగెత్తుతాయి. కుంటిది అందరికన్నా ముందు పోతుంది. అది మా అత్త ముందర జరుగుతుంది. వాటిని గదిలో వేసి తలుపు మూద్దామా అని కూడా అనుకున్నాను.

అక్క కాళ్లు కడుక్కుని నేరుగా దొడ్లోకి పోయింది. చిక్కిపోయింది. నోటితో చప్పుడు చేస్తూ, వెనకటిలాగే చెయ్యి చాచి వంగింది. బాతులు మెడలెత్తి చూశాయి. గుంపుగా వెనక్కి తగ్గాయి. ఆమె ఇంకొక అడుగు వేసింది. అవి అరుచుకుంటూ తిరిగి, బురద చిమ్ముకుంటూ, నా చుట్టూ చేరాయి. కుంటిది నా కాళ్ల మధ్యలోకి దూరింది.

నాకు సంతోషం వేసింది. దాచుకోలేనంత సంతోషం. మా అత్త చూస్తోందా అని కూడా చూశాను. చూస్తోంది.

అక్క చాచిన చెయ్యి అలాగే కొంచెంసేపు ఉంచి, తర్వాత మోకాళ్ల మీద పెట్టుకుంది. "నన్ను మర్సిపోయినాయి" అంది. నేను కుంటిదాన్ని ఎత్తి ఆమె దగ్గరికి తీసుకుపోయాను. ఆమె దాని కీలు నొక్కి, పాదం తిప్పి అడుగు చూసింది. మిగతావాటి నడక చూసింది. పుండు లేదు, వాపు లేదు.

"కాళ్లు బాగుండాయి మ్మే. నా దగ్గర ఉన్నా ఇంత బాగుండేటివి కావు."

ఆమె బండ మీద కూర్చుంది. ఆదోనిలో మిద్దె మీద గదుల గురించి చెప్పింది. మట్టి కనపడదట. మల్లెతీగ కుండీలో పెడితే ఎండిపోయిందట. మా అత్తకు మెట్లు దిగడానికి కాళ్లు రావు, పొద్దంతా కిటికీ దగ్గర కూర్చుని ఎమ్మిగనూరు ఇల్లు, దొడ్డి, చిన్నకోడలు అని అదే మాట అట.

"నువ్వు ఏం వండుతాండావో, బాతులకు ఏం పెడ్తాండావో అని నన్నే అడుగుతాది. నాకేం తెలుసు, నేను ఆడుండా" అంది. అని, నా ముఖం చూడకుండానే, "నిన్ను తల్సుకుంటే నాకు కుళ్లు పుడతాది మ్మే, ఈ మధ్య" అంది.

ఆ మాట ఆమె నోటి నుంచి వస్తుందని నేను ఏనాడూ అనుకోలేదు. అది నా మాట. ఇన్నేళ్లూ నేను ఒక్కదాన్నే మోసిన మాట. మా అత్త నా గురించి అడుగుతుందన్న సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది. ఆ రెండింట్లో దేనికి ముందు సంతోషపడాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే రెండింటికీ పడ్డాను. ఆమె చిక్కిన ముఖం చూశాక ఆ సంతోషం పూర్తిగా నిలవలేదు గానీ, పూర్తిగా పోనూ లేదు.

"ఒకటి తీస్కపో అక్కా. కుంటిది కావాలన్నా తీస్కపో" అన్నాను. కుంటిదాన్ని ఇస్తానని ఎందుకన్నానో నాకు తెలియదు. అన్నాక భయమేసింది, ఆమె సరే అంటుందేమోనని.

ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు వీపు నిమిరింది. అది ఈసారి పారిపోలేదు. తర్వాత నేల మీద దించింది.

"వద్దులే. అంతా బండలే ఆడ. తీస్కపోయి కాళ్లు సెడగొట్టాల్నా?"

ఉరుకుంద బస్సుకు వేళయింది. మా అత్త నా చెయ్యి పట్టుకుని మెట్టు ఎక్కింది. అక్క కిటికీ పక్కన కూర్చుని, చెక్క బాగా ఎండబెట్టి పెట్టు, వానలు ఇంకా ఉన్నాయి అని చెప్పింది. అలాగే అన్నాను. బస్సు సోమప్ప సర్కిలు మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికి వచ్చి తవుడు కలిపాను.